పాత సైకిలుకు కొత్త ఫోర్కు

పాత ఇంటికి కొత్త ద్వారబంధం పెట్టించిన అనుభవమున్నవారికి నా బాధ సులువుగా అర్థమవుతుంది. ద్వారబంధం ఇమడాలంటే కొంత గోడ కొట్టాలి. గోడ కొడితే పైనున్న దూలం కదులుతుంది. దూలం మార్చబోతే పైకప్పు దిగుతుంది. చివరకు మేస్త్రి తలగోక్కుంటూ, "ఇంతకంటె కొత్త ఇల్లే కట్టుకోరాదుటండీ?" అంటాడు. నా కొండసైకిలు విషయంలో సరిగ్గా ఇదే జరిగింది.

నా సైకిలు 1997 నాటిది. ఉక్కు చట్రం, 26 అంగుళాల చక్రాలు, రిమ్మును పట్టుకొనే బ్రేకులు. ఉద్యోగరీత్యా కాలిఫోర్నియా వచ్చిన కొత్తలో, కారు కొనే స్తోమత ఇంకా లేనప్పుడు, ఒక విద్యార్థి దగ్గర పాతదిగా కొన్నాను. దానికున్న సస్పెన్షన్ ఫోర్కు లోపల స్ప్రింగులకు బదులు రబ్బరువంటి ఎలాస్టోమరు ముద్దలుండేవి. ఆ కాలపు ఫోర్కులలో అది మామూలే. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ముద్దలు కొన్ని రాయిలా బిగుసుకుపోతాయి, కొన్ని జిగురుగా కరిగిపోతాయి. నావి రెండో రకం. పైగా గొట్టాల మధ్యనున్న బుషింగులు అరిగిపోయి, ముందు బ్రేకు పట్టినప్పుడల్లా ఫోర్కు టకటకమని ఆడుతోంది. విడిభాగాల కోసం వెదికి వెదికి విసిగిపోయాను. ఇంతలో మా అమ్మాయి ఆ సైకిలును కాలేజీకి తీసుకువెళ్తానన్నది. నేను తొక్కుకొనేదైతే ఇంకో ఏడాది వాయిదా వేసేవాణ్ణేమో. పిల్ల ఎక్కే సైకిలుకు అలా వీల్లేదు.

దుకాణంలో కుర్రవాడు మర్యాదగానే చెప్పాడు: "దీనికి పెట్టే డబ్బుకు మరికాస్త కలిపితే కొత్తదే వస్తుంది." లెక్క ప్రకారం అతడి మాట తప్పు కాదు. ఫోర్కు ధర నా సైకిలు ధరను మించిపోయింది. అయినా మనసొప్పలేదు.

నా చిన్నప్పుడు మా ఊళ్ళో సైకిలు ఫోర్కు వంగితే నాన్నగారు నడిపించుకొని సైకిలు షాపుకు తీసుకువెళ్ళేవారు. షాపతను గోడకు వేలాడుతున్న ఫోర్కుల్లోంచి ఒకటి తీసి, గోళీలకు గ్రీజు పూసి, గంటలో బిగించి ఇచ్చేవాడు. ఏ కంపెనీ సైకిలని అడిగిన గుర్తు లేదు. ఆ నల్ల సైకిళ్ళకు దశాబ్దాల తరబడి అదే కొలత, అవే మరలు. తండ్రి సైకిలుకు పట్టిన ఫోర్కు కొడుకు సైకిలుకూ పట్టేది.

కొండసైకిళ్ళది వేరే దారి. పాల్ టర్నర్ 1989లో రాక్‌షాక్స్ సంస్థను స్థాపించి, దాదాపు రెండంగుళాలు మాత్రమే కదిలే ఫోర్కును అమ్మకానికి తెచ్చినప్పటినుంచి ఈ రంగంలో కొలతలు మారుతూనే వస్తున్నాయి. నా సైకిలుకున్నది పైనుంచి కిందిదాకా ఒకే లావున్న, అంగుళమూ ఎనిమిదోవంతు వ్యాసం గల స్టీరర్ గొట్టం. ఇప్పటి ఫోర్కుల్లో ఎక్కువభాగానికి పైన అంతే వ్యాసమున్నా కింద అంగుళంన్నర ఉంటుంది. అది నా హెడ్ ట్యూబులో దూరనే దూరదు. నా చక్రం ఇరుసు 9 మి.మీ.; కొత్తవాటికి 15 మి.మీ. ఇరుసు కావాలి, అందులోనూ 100 మి.మీ. వెడల్పువి కొన్ని, 110 మి.మీ. వెడల్పువి కొన్ని. నా బ్రేకులు ఫోర్కు మీది మొలలకు బిగుస్తాయి. కొత్త ఫోర్కుల్లో చాలావాటికి ఆ మొలలే ఉండవు, డిస్కు బ్రేకే గతి. డిస్కు పెట్టాలంటే హబ్బు మారాలి, హబ్బు మారితే చక్రం మారాలి. ఇక్కడే నాకు మేస్త్రి గుర్తొచ్చాడు.

ఇవన్నీ కంటికి కనిపించే చిక్కులు. పట్టనిది పట్టదు, అంతటితో సరి. అసలు ప్రమాదం చక్కగా పట్టే ఫోర్కుతోనే వస్తుందని నేను కొంత డబ్బు పోగొట్టుకొని తెలుసుకొన్నాను.

ఫోర్కు ఎంపికలో అందరూ మొదట అడిగేది అది ఎంత కదులుతుందని. అడగవలసినది, ఇరుసు మధ్యనుంచి పైనున్న కిరీటం అడుగుదాకా దాని పొడవెంత అని. నా పాత ఫోర్కు కదలిక 80 మి.మీ., ఈ పొడవు 450 మి.మీ. దాని స్థానంలో 120 మి.మీ. కదిలే పాత ఫోర్కు ఒకటి చవకగా దొరికింది. స్టీరర్ సరిపోయింది, బ్రేకు మొలలున్నాయి. ఎగిరి గంతేసి బిగించేశాను. పొడవు మాత్రం 490 మి.మీ.

ఆ నాలుగు సెంటీమీటర్లు ఏం చేస్తాయో లెక్క చూడండి. ఫోర్కు 20 మి.మీ. పెరిగితే హెడ్ ట్యూబు కోణం సుమారు ఒక డిగ్రీ వాలుతుంది. నాది రెండు డిగ్రీలు వాలింది. పెడళ్ళ ఇరుసు సుమారు సెంటీమీటరున్నర పైకి లేచింది. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోయి దిక్కులు చూడసాగింది. ఇరుకు మలుపుల్లో హ్యాండిలు బరువుగా ఒక పక్కకు ఒరిగిపోయేది. అవన్నీ అలవాటవుతాయని సరిపెట్టుకొన్నాను. కాని పొడవైన ఫోర్కు పొడవైన గునపం వంటిది. చక్రానికి తగిలిన ప్రతి దెబ్బా చట్రం మెడను మరింత బలంగా విరుస్తుంది. పొట్టి ఫోర్కు కోసం అతికిన పాత చట్రం ఆ విరుపుకు సిద్ధపడి పుట్టలేదు. సైకిలుతోపాటు వచ్చిన చిన్న పుస్తకం అదృష్టవశాత్తు నా దగ్గర ఉంది. 80 మి.మీ. కదలికను మించిన ఫోర్కు వాడరాదని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఆ సాయంత్రమే ఫోర్కు విప్పేశాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత నా ఇంట్లోనే, అదీ మా అమ్మాయి సైకిలు మీదనే నిజమయ్యేది.

అందుచేత నా అభిప్రాయమిది. పాత సైకిలుకు ఫోర్కు ఎంచుకొనేటప్పుడు చట్రం మాట మొదట వినాలి, మన ముచ్చట తరువాత. పొడవు, స్టీరర్, బ్రేకు, ఇరుసు, ఈ నాలుగూ కుదిరాకనే గాలి స్ప్రింగా, ఉక్కు స్ప్రింగా అన్న చర్చ. పాత ఫోర్కు కొంటే స్టీరర్ ఎక్కడ కోశారో కొలవండి. పొడవైనదాన్ని కోయవచ్చు, పొట్టిదాన్ని సాగదీయలేము. కొత్తవాటిలో అతి చవకవాటి జోలికి పోవద్దు. వాటిలో చాలావాటికి స్ప్రింగు ఉంటుంది గాని, ఎగిరిన స్ప్రింగును నిదానింపజేసే ఏర్పాటు పేరుకే ఉంటుంది. రెండున్నర కిలోల బరువు మోసి, కుర్రకుంకలా ఎగిరిపడే ఫోర్కును భరించడమెందుకు?

చివరకు నేను కొన్నది అసలు కదలనే కదలని ఉక్కు ఫోర్కు. నవ్వకండి. సస్పెన్షన్ ఫోర్కు మనిషి ఎక్కి కూర్చోగానే తన కదలికలో అయిదోవంతో నాలుగోవంతో కిందికి దిగుతుంది. కనుక 450కి బదులు 430 మి.మీ. పొడవున్నది తీసుకొంటే కోణం మొదటిలాగే ఉంటుంది. దానికి బ్రేకు మొలలున్నాయి, పాత చక్రమే పట్టింది, పాడవడానికి లోపల ఏమీ లేదు. చట్రంలో పట్టినంత లావు టైరు వేసి గాలి కొంచెం తగ్గించాను. నున్నటి దారికీ, మామూలు మట్టిబాటకూ ఆ మెత్తదనం చాలు.

మాకు ఉత్తరాన, శాన్‌ఫ్రాన్సిస్కో అవతల, మెరిన్ కౌంటీ ఉంది. 1976లో అక్కడి కొండ మీదినుంచి కొందరు యువకులు మట్టిదారిన పందేలు మొదలుపెట్టారు. వాళ్ళవి లావు టైర్ల పాత సైకిళ్ళు. ఆ దిగుడులో వెనుక హబ్బు బ్రేకు కాగి గ్రీజు ఆవిరైపోయేది. ప్రతిసారీ కొత్త గ్రీజు కూరవలసి వచ్చేది గనుకనే ఆ పందేనికి రీప్యాక్ అని పేరు వచ్చింది. కొండసైకిలు పుట్టిందే పాత సైకిళ్ళను మరమ్మతు చేసికొన్న చేతుల్లో, కదలని ఫోర్కుల మీద. ఈ సంగతి తెలిశాక నా ఎంపికకు సిగ్గుపడటం మానేశాను.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. రాళ్ళగుట్టల మీదినుంచి వేగంగా దిగాలన్న కోరిక ఉన్నవారికి నా సలహా పనికిరాదు. వారు నిస్సంకోచంగా కొత్త సైకిలు కొనుక్కోవాలి. పాతదాన్ని పీడించి కొత్తదానిలా నడిపించాలనుకోవడం దానికీ మనకూ మంచిది కాదు. చట్రానికి పగులున్నా, తుప్పు లోపలిదాకా తిన్నా, దానికి వీడ్కోలు చెప్పడమే న్యాయం. కాని ఒక్క భాగం అరిగిందని మొత్తం సైకిలును చెత్తలో వేయమనే లెక్కకు మాత్రం తలవంచలేను. ఆ లెక్కలో ధర ఉంది. ఇరవయ్యేళ్ళకు పైగా తొక్కినా నిటారుగా నిలిచిన ఉక్కుకు అందులో విలువ లేదు.

మొన్న మా అమ్మాయి సైకిలు తొక్కి వచ్చి, "చేతులు కాస్త అదురుతున్నాయి గాని నాన్నా, ఇప్పుడు చెప్పినమాట వింటోంది" అన్నది. నాకు అది చాలు. మీలో ఎవరి పెరట్లోనైనా ఇటువంటి పాత సైకిలు గోడకు చేరగిలి ఉంటే, దాన్ని అమ్మేముందు ఒకసారి టేపు తీసి దాని ఫోర్కు కొలవండి.