డాలస్‌కి అడ్డురాని సముద్రం మైపాడుకి అడ్డొచ్చిందట!

ముందే చెప్పేస్తున్నా, ఈ టపా కోపంలో రాస్తున్నదే. కోపం తగ్గాక రాద్దామని రెండు వారాలు ఆగి చూశాను. తగ్గలేదు. ఇక రాసేస్తున్నాను.

సంగతేంటంటే, నాకిప్పుడు 23వ వారం. పెద్దవాళ్ళ లెక్కలో ఆరో నెల. బిడ్డ పుట్టాక కొన్నేళ్ళు ఎక్కడికీ కదల్లేమని చూసినవాళ్ళంతా చెబుతున్నారు కదా, అందుకని ఈ ఏప్రిల్ నెలాఖర్లో నాలుగు రోజులు సెలవు పెట్టి కార్లో సముద్రం దాకా పోయొద్దామని నేనూ మా ఆయనా అనుకున్నాం. ఇద్దరం బెంగళూరులో సాఫ్ట్‌వేరే.

మా పుట్టిల్లు హిందూపురం పక్కన పరిగి. మా వైపు వాళ్ళకి సముద్రమంటే సినిమాల్లో చూసేదే. కానీ మా ఊరికీ సముద్రానికీ ఒక చుట్టరికం ఉంది. నంది కొండల్లో పుట్టిన పెన్న మా వైపు నుంచే పోతుంది. జయమంగళి వచ్చి దాంట్లో కలిసేది మా పరిగి మండలంలోనే. ఆ పెన్న మొత్తం దాదాపు 600 కిలోమీటర్లు నడిచి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మాకు ఎప్పుడు చూసినా ఇసకే తప్ప నీళ్ళు కనపడని ఏరు అంతదూరం పోయి ఏమవుతుందో చూడాలని స్కూల్లో సోషల్ చదివినప్పటి నుంచీ నాకో కోరిక. అందుకే నెల్లూరు పక్కనున్న మైపాడు బీచి అనుకున్నాం.

ఉగాదికి ఊరికి పోయినప్పుడు ఈ మాట ఇంట్లో చెప్పాను. అంతే!

"కడుపుతో ఉండేదాన్ని సముద్రం కాడికి తీసకపోతారా ఎవరన్నా?" అని అమ్మ. "నాలుగు నెల్లు ఓర్చుకోలేవా?" అని పెద్దమ్మ. ధర్మవరం నుంచి ఫోన్లో అత్తగారు: "గర్భిణీ భర్త సముద్ర స్నానం చేయకూడదమ్మా, శాస్త్రం ఉంది." మామగారు ఇంకా శాంతంగా: "సముద్రం యాడికీ పోదులేమ్మా, పిల్లలు పుట్టినాక పోదురు."

నిజమే, సముద్రం ఎక్కడికీ పోదు. నా సెలవులూ, నా ఓపికా పోతాయి.

సరే, శాస్త్రం అన్నారు కాబట్టి ఆ శాస్త్రమే చూద్దాం. భార్య కడుపుతో ఉన్నప్పుడు భర్త చేయకూడనివని మన ఇళ్ళల్లో చెప్పే జాబితా చాలామందికి తెలిసిందే. క్షౌరం చేయించుకోకూడదు, శవం మోయకూడదు, కొత్త ఇల్లు కట్టకూడదు, కొండ ఎక్కకూడదు, సముద్ర స్నానం చేయకూడదు, దూర ప్రయాణం చేయకూడదు.

బాగుంది. మా ఆయన నెలకోసారి సెలూన్‌కి పోయి నున్నగా తయారై వస్తున్నాడు, ఎవరూ ఏమీ అనలేదు. నాకు నాలుగో నెల నడుస్తుండగా ఫిబ్రవరిలో రిలీజ్ ఉందని కంపెనీ ఆయన్ని మూడు వారాలు డాలస్ పంపింది. డాలస్ ఎక్కడుందండీ? గుత్తి అవతలా? ఏడు సముద్రాలు దాటి పోయొచ్చాడు మనిషి. అప్పుడు శాస్త్రం ఏమైంది? శాస్త్రం సంగతి పక్కనపెట్టండి, మా అత్తగారు వీధంతా స్వీట్లు పంచారు. "మావాడు అమెరికా పోయినాడు" అని.

డాలరు కోసం సముద్రం దాటొచ్చు. పెళ్ళాం సరదాపడితే ఒడ్డున కూర్చోకూడదు. ఇదీ శాస్త్రం!

ఇంకో ముచ్చట. మేం పోయేటప్పుడు తిరుపతిలో రాత్రి ఆగుతామని చెప్పగానే పెద్దమ్మ గొంతు మారిపోయింది. "అట్లయితే కొండెక్కి దర్శనం చేసుకోని రాండి" అంది. అంటే అదే కారు, అదే ఎండ, అదే కడుపు. క్యూలో గంటలు గంటలు నిలబడితే ఏమీ కాదు, ఇసకలో కాళ్ళు చాపుకుని కూర్చుంటే మాత్రం ప్రమాదం. పైన చెప్పిన జాబితాలో కొండ ఎక్కడం కూడా ఉందని గుర్తుచేస్తే, "దేవుడికాడికి దానికీ దీనికీ పోలికేంది" అన్నారు.

నేను రోజూ సిల్క్ బోర్డు మీదుగా ఆఫీసుకి పోయి వస్తాను. పోవడానికి గంటన్నర, రావడానికి రెండు గంటలు. రాత్రి పదిన్నరకి క్లయింట్ కాల్. ఇంతవరకూ ఒక్కరైనా "కడుపుతో ఉండి ఆ కాల్ ఏందమ్మీ" అన్నారా? లేదు. ఉగాదికే చూడండి, హైవే మీద కొడికొండ చెక్‌పోస్టు దాకా బాగానే వచ్చాం. అక్కడ దిగి లేపాక్షి మీదుగా హిందూపురం, అక్కణ్ణుంచి పరిగి. స్పీడ్ బ్రేకర్లు లెక్కపెట్టడం మధ్యలో మానేశాను. ఏడో నెల్లో సీమంతానికి మళ్ళీ అదే దారిన రావాలట, మే నెల ఎండలో. దానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ముహూర్తం కూడా పెట్టేశారు.

ఇదంతా విన్నాక మా అవ్వ అన్న మాటతో నాకు అసలు సంగతి అర్థమైంది. ఎనభై దాటిన మనిషి, మూలన మంచం మీద కూర్చుని వింటోంది. "నాకు ఆరు కాన్పులమ్మీ. ఏడో నెల్లో గూడా చెనిక్కాయ చేన్లో కలుపు తీసినా. మల్బరీ ఆకు గంపలు నెత్తిన మోసినా. అప్పుడు ఒక్కరన్నా వద్దనింటే గదా!"

ఇదండీ అసలు విషయం. కడుపుతో ఉన్న ఆడది పనికి పోతే ఎవరికీ భయం లేదు. పూజకి, పెళ్ళికి, పేరంటానికి పోతే భయం లేదు. తన సంతోషం కోసం పోతానంటేనే అందరికీ బిడ్డ క్షేమం గుర్తొస్తుంది. కాబట్టి ఆ భయం ప్రయాణం గురించి కాదు.

"పెద్దవాళ్ళ భయాన్ని అట్లా తీసిపారేయొద్దు" అనేవాళ్ళు ఉంటారు. తీసిపారేయడం లేదు. మా అవ్వకి ఆరు కాన్పుల్లో నలుగురే దక్కారు. వాళ్ళ కాలంలో నొప్పులొస్తే ఎద్దుల బండే గతి. అంతెందుకు, 1997-98లో కూడా మన దేశంలో లక్ష కాన్పులకి 398 మంది తల్లులు చనిపోయేవాళ్ళు. 2018-20 లెక్కల్లో అది 97కి వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో 45కి. అలాంటి రోజులు చూసిన మనిషి "కదలొద్దు" అంటే అర్థం ఉంది. కానీ ఆ 398ని 97 చేసింది ఏంటి? కాన్పులు ఆసుపత్రుల్లో జరగడం, సమయానికి రక్తం దొరకడం, 2005 ఆగస్టులో మన రాష్ట్రంలో మొదలైన 108 లాంటి అంబులెన్సులు రావడం. అంతేగానీ సముద్రం వైపు చూడకుండా ఉండటం వల్ల తగ్గలేదు.

ఇక రెండో రకం వాళ్ళ సంగతి. వీళ్ళు మనవాళ్ళే, మన ఐటీవాళ్ళే. "అమెరికాలో తొమ్మిదో నెల దాకా డ్రైవింగ్ చేస్తారు, ఏం కాదు" అనే బాపతు. మా ఆయన ఆ పార్టీనే. ఆయన వేసిన మొదటి ఎక్సెల్ షీటు చూస్తే మీకే కళ్ళు తిరుగుతాయి. బెంగళూరు, చెన్నై, పాండిచ్చేరి, వెనక్కి తిరిగి నెల్లూరు, బాపట్ల సూర్యలంక, వైజాగ్. నాలుగు రోజుల్లో రెండు వేల పైచిలుకు కిలోమీటర్లు. ప్రతి ఊరికీ కారు ఎన్ని గంటలకి చేరుతుందో ఉంది. నేను ఎన్నిసార్లు బాత్రూంకి పోవాలో లేదు. శుభ్రమైన బాత్రూం ఎక్కడుందో అసలే లేదు. టెస్టింగుకి టైం ఇవ్వకుండా రిలీజ్ డేట్ ఒప్పుకునే మేనేజరుకీ ఈయనకీ తేడా ఏంటి?

మొదటి రకం వాళ్ళు నన్ను అడగకుండా వద్దన్నారు. రెండో రకం వాళ్ళు నన్ను అడగకుండా ప్లాన్ చేశారు. మోయాల్సింది మాత్రం నేను.

ఇంతకీ నిజమైన ప్రమాదం ఏంటో ఎవరూ మాట్లాడలేదు. అది సముద్రం కాదు, ఎండ. వేడికీ నెలలు నిండకుండా పుట్టడానికీ సంబంధం ఉందని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. 2020లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం వడగాలుల సమయంలో ఆ అవకాశం సుమారు 16 శాతం పెరుగుతుంది. నెల్లూరు ఎండలు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. సముద్రపు గాలిలో ఉక్క ఎక్కువ, చెమట ఆరదు, ఒంట్లో నీళ్ళు తగ్గినట్టు మనకి తెలియదు. రెండోది కదలకుండా కూర్చోవడం. కడుపుతో ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది కాబట్టి గంటల తరబడి సీట్లో ఉంటే కాళ్ళలో గడ్డలు కట్టే ప్రమాదం ఉంది. రెండు గంటలకోసారైనా దిగి నడవాలి. మూడోది బెల్టు. "పొట్ట నొక్కుకుంటుంది, బెల్టు తీసెయ్" అని నాకు చెప్పినవాళ్ళు కనీసం నలుగురు. తప్పండీ! కింది పట్టీ పొట్ట మీద కాకుండా పొట్ట కిందుగా తుంటి మీద ఉండాలి, పై పట్టీ రొమ్ముల మధ్యగా వచ్చి పొట్ట పక్కనుంచి దిగాలి. బెల్టు తీసేయడమే బిడ్డకి ప్రమాదం. మా పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచీ కార్లు తయారవుతున్నాయి, ఆ కార్లో గర్భిణి ఎట్లా కూర్చోవాలో మాత్రం మా వీధిలో ఒక్కరికీ తెలియదు.

ప్రయాణాలకి 14 నుంచి 28 వారాల మధ్య కాలం అన్నిటికన్నా అనువైనదని ప్రసూతి డాక్టర్లు చెబుతారు. మొదట్లో ఉండే వాంతులు తగ్గి, చివర్లో వచ్చే ఆయాసం ఇంకా మొదలవ్వని కాలం. నాకు ఆ గడువు మే నెలాఖరుకి అయిపోతుంది. అందుకే కత్తిరి ఎండలు మొదలవ్వక ముందే అనుకున్నది.

చివరికి నేనే కూర్చుని స్కోప్ తగ్గించి వేసిన ప్లాన్ ఇది:

1. వైజాగ్ లేదు, పాండిచ్చేరి లేదు. మైపాడు ఒక్కటే.
2. మొదటి రోజు తెల్లారి ఐదుకి బయల్దేరి కోలారు, పలమనేరు, చిత్తూరు మీదుగా తిరుపతి. సుమారు 250 కిలోమీటర్లు. రెండు గంటలకోసారి ఆగినా ఎండ ముదిరేలోపు గదిలో ఉంటాం. మర్నాడు పొద్దున నెల్లూరు. పదకొండు నుంచి నాలుగు దాకా బయట తిరగడం లేదు.
3. సముద్రంలో దిగేది లేదు. పొద్దున, సాయంత్రం ఒడ్డున కూర్చోవడమే. అత్తగారి శాస్త్రం కూడా నిలబడుతుంది :)
4. ఫైలు, స్కానింగ్ రిపోర్టులు, బ్లడ్ గ్రూపు కాయితం నా బ్యాగులోనే. చిత్తూరు, తిరుపతి, నెల్లూరుల్లో కాన్పుల ఆసుపత్రులు ఎక్కడున్నాయో ముందే రాసుకున్నాం. మజ్జిగ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఇంట్లో కాచిన నీళ్ళు.
5. వాతావరణ శాఖ ఆ వైపు వడగాలుల హెచ్చరిక ఇస్తే ప్రయాణం రద్దు. డబ్బులు తిరిగిచ్చే గదులే బుక్ చేశాం.

అన్నిటికన్నా పైన ఇంకోటుంది. వచ్చే సోమవారం నాకు చెకప్. బీపీ పెరిగిందనో, మాయ కిందికి ఉందనో, ముందే నొప్పులొచ్చే సూచన ఉందనో డాక్టరమ్మ వద్దంటే నోరెత్తకుండా ఇంట్లో కూర్చుంటాను. ఎందుకంటే ఆ "వద్దు"కి ఒక కారణం ఉంటుంది. ఇంట్లోవాళ్ళ "వద్దు"కి కారణం అడిగితే "ఎదురు మాట్లాడతాంది" అన్నారు.

మా అవ్వ సముద్రం చూడలేదు. ఆరు కాన్పులు, ఎనభై ఏళ్ళు, ఒక్కసారి కూడా ఎవరూ తీసుకుపోలేదు. "పిల్లలు పుట్టినాక పోదురులే" అనే మాట ఆమెకీ ఎవరో చెప్పే ఉంటారు. నేను బయల్దేరేటప్పుడు దగ్గరికి పిలిచి, "మన పెన్న ఆడన్నా నీళ్ళతో ఉంటాదేమో చూసొచ్చి చెప్పు" అంది.

చదువుతున్న మగవాళ్ళకి ఒక మాట. మీ ఇంట్లో ఆమె ఇలాంటి కోరిక చెబితే ఎక్సెల్ తెరిచేముందు, అమ్మకి ఫోన్ చేసేముందు, మూడు సంగతులు చూడండి: డాక్టరు ఏమన్నారు, ఎండ ఎంతుంది, తను ఎన్ని గంటలు కూర్చోగలదు. మూడిట్లో ఏది కుదరకపోయినా మానేయండి. మూడూ కుదిరితే కారు తీయండి. ఇంట్లోవాళ్ళకి జవాబు చెప్పే పని కూడా మీరే చూసుకోండి, ఆమె మీద వదిలేయకండి. మా ఆయన ఆ ఫోన్ ఇంకా చేయలేదు. ఇది చదివాకైనా చేస్తాడేమో చూడాలి.