పాదపూరణమని నిందింపదగునా? – హోమరు పదబంధములు, మన ద్విపద

హోమరు మహాకవియని మన విద్యావంతులందఱును ఒప్పుకొందురు. ద్విపద మాట వచ్చినప్పుడు మాత్రము ముఖము చిట్లింతురు. “వచ్చిన విశేషణమే మఱల వచ్చును, పాదము నింపుటకై త్రోసిన మాటలవి” అని తీర్పు చెప్పుదురు. ఈ తీర్పు న్యాయమైనచో హోమరును గూడ మహాకవుల పంక్తినుండి లేపివేయవలసి వచ్చును. ఏలన, ద్విపదకు అంటగట్టుచున్న ఆ దోషమే ఇలియడ్, ఒడిస్సీ కావ్యములకు వెన్నెముక.

చిమ్కోడ్ మొదలైన బీదరు సీమ గ్రామములలోని తెలుగువారికి ఈ వివాదము పరాయిది కాదు. బసవేశ్వరుడు బిజ్జలుని మంత్రియై వెలసిన కల్యాణము ఈ జిల్లాలోనిదే. ఆయన కథను పాల్కురికి సోమనాథుడు తెలుగు ద్విపదలో బసవపురాణముగా రచించెను. దానిని ఆధారముగా గొని భీమకవి 1369లో కన్నడ షట్పదిలో బసవపురాణము వ్రాసెను. కన్నడకవి తలదాల్చిన గ్రంథమును తెలుగువాడు ఛందస్సు పేరు చెప్పి తక్కువ చేయుట ఎంత వింత!

ముందు గ్రీకు ఛందస్సును చూతము. హోమరు పాదమునకు ఆఱు గణములు. మొదటి యైదింటిలో ప్రతిదియు మన భగణముగానో, రెండు గురువులుగానో ఉండును. ఐదవది తఱచు భగణమే. ఆఱవదానికి రెండక్షరములు. అక్షరమైత్రి నియమము లేదు; సాధారణముగా మూడవ గణము నడుమ ఒక మాట ముగిసి విరామము వచ్చును. ఆ విఱుపు తరువాత మిగిలిన కొలతను గాయకుడు తడుముకొనక నింపవలెను. అందుచేతనే అకిలీసు ఒకచోట దివ్యుడు, ఒకచోట వడిగల పాదములవాడు, ఇంకొకచోట ఆ రెండును. పాదమున మిగిలిన చోటు ఎంతయో, పేరుతో గూడిన పదబంధమును అంతయే. ఒక వీరునకు ఒక కొలతలో సాధారణముగా ఒకే పదబంధ ముండును. ఇంతటి పొదుపు ఒక్క కవి తన జీవితకాలమున కల్పించినది కాదు. తరతరముల గాయకులు సాధించినది.

భాషయు అట్టిదే. ‘ఉండుట’ అను అర్థమున ఎయ్నై, ఎమెన్, ఎమ్మెనై అను రూపములు హోమరున కలవు. అయోనియా, అయోలియా మాండలికములు రెండును అందు కలిసినవి. ఏ ఊరివారును నిత్యజీవితమున అట్లు మాటలాడియుండరు. అది పాట కొఱకు ఏర్పడిన భాష. మన పద్యకవులు ‘చేసెను’ అని భగణమునకు, ‘చేసెన్’ అని రెండు గురువులకు, ‘చేసె’ అని గలమునకు వాడుకొనుట లేదా? ఇక రాజును చెప్పు ‘అనక్స్’ అను గ్రీకు మాటకు మొదట ఒక వకారముండెడిది. వాడుకలో అది లోపించినను హోమరు ఛందస్సు తఱచు ఆ వకార మున్నట్లే నడచును. 1952లో మైకేల్ వెంట్రిస్ చదివి చూపిన మైసీనియా మట్టిపలకలపై ఆ వకారము నిలిచియున్నది. పాటభాష ఎంత పాతసొత్తును మోయగలదో దీనినిబట్టి తెలియును.

ఈ పదబంధముల పద్ధతిని అమెరికా పండితుడు మిల్మన్ పారీ 1928లో పారిస్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతవ్యాసములలో నిరూపించెను. పిమ్మట 1933–35 నడుమ యుగోస్లావియా గ్రామములకు పోయి, తంత్రీవాద్యముతో వీరగాథలు పాడువారి పాటలను సేకరించెను. చదువురాని అవ్దో మెజెదోవిచ్ అను గాయకుడు 1935లో 12,000 పాదములకు మించిన గాథను చెప్పి వ్రాయించెను. ఒడిస్సీ పరిమాణమును ఇంచుమించు అంతయే.

“మాటలు ముందే సిద్ధముగా నున్నచో కవి ప్రతిభ ఎక్కడ?” అని అడుగుదురు. రాగమునకు జీవస్వరములు తరతరములవి. ఆలాపన మాత్రము విద్వాంసునిది. ఇలియడ్ మొదటి భాగమున అకిలీసు అలిగి, యుద్ధమునకు పోక, ఓడల చెంత కూర్చుండును. అప్పుడును అతడు వడిగల పాదములవాడే. పరుగెత్తవలసినవాడు కదలకున్నాడని ఆ పాత విశేషణమే శ్రోతకు గుర్తు చేయుచున్నది. దీనిని పాదపూరణ మనువానికి కథ చెవిన పడలేదనియే నా అభిప్రాయము.

ఇదే కొలబద్దను ద్విపదకును పట్టుడు. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. మూడవ గణము మొదట యతి. రెండు పాదములకు ప్రాస. ఈ కట్టడులలో కథను పరుగెత్తింపవలసినవానికి చేతికందు పదబంధములు అవసరము. ద్విపదలన్నియు మేలైనవని నేననను. ప్రాసకై అర్థమును బలియిచ్చినవియు కలవు. సోమనాథుడు నిరక్షరగాయకుడును కాడు, బహుభాషాపండితుడు. అట్టివాడు వృత్తములు వ్రాయజాలక ద్విపదను పట్టుకొనలేదు. జనులు కూడి పాడుకొనదగిన నడకయని తెలిసియే ఎన్నుకొనెను. రంగనాథరామాయణ ద్విపదలు తోలుబొమ్మలాటవారి నోట నిలిచినవి. ప్రాస విడిచిన మంజరీద్విపదలో పల్నాటి వీరచరిత్ర నడచినది. కంటితో చదువువానికి విసుగనిపించు పునరుక్తి, చెవితో వినువానికి కథాసూత్రమగును.

పల్నాటి వీరుల కథను గాయకుని నోట విని, రికార్డు చేసి, 1982లో ఆంగ్లమున గ్రంథముగా వెలువరించినవాడు జీన్ రోఘేర్ అను అమెరికా పండితుడు. ఆయన శ్రమకు కృతజ్ఞులము. మన సోమరితనమునకు సిగ్గుపడవలెను. గ్రీసు గాయకుల కంఠములు ఎన్నడో మూగవోయినవి. వారి పద్ధతిని కాగితముమీద ఊహింపవలసినదే. మన ఊళ్లలో ద్విపద పాడగల వృద్ధులు ఇంకను ఉన్నచోట, వారి పాట నేడే రికార్డు కావలెను. ఏ మాట ఎచ్చట, ఎందులకు మఱల వచ్చినదో లెక్కించి చూడవలెను. ఆ పని చేసినవారే ద్విపదలో వ్యర్థపదములు ఎన్నియో చెప్ప నర్హులు. అంతవరకును హోమరునకొక న్యాయము, సోమనాథునకొక న్యాయము చెప్పుట మానుదురుగాక.