అమీన్‌పూర్ చెరువు కాడ బోర్డు గాదు, కాలువలు జూడుండ్రి

కోచింగులకని, కొలువులకని పట్నంల ఉంటున్న మన ఊళ్ల పిల్లలు ఆదివారం వస్తె మాల్‌కో, సిన్మాకో పోతరు. ఒక్కపారి మియాపూర్ దాటి అమీన్‌పూర్ చెరువు కాడికి పోయి రాండ్రి. చలికాలం, పొద్దుగాల్నే పోవాలె. నసీబుంటె రాజహంసలు గూడ కనవడ్తయి. లేకుంటె కొంగలు, నీటికోళ్లు, బుడుబుంగలు.

ఇది కుతుబ్‌షాహీల కాలం నాటి చెరువు. 2016ల సర్కారు దీన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలమని ప్రకటించింది. దేశంల పట్నపు చెరువుకు ఆ పేరు దక్కుడు గదే మొదటిసారి. మంచిదే. కానీ పేరు వెట్టంగనే చెరువు బతుకుతదా?

పట్నపోళ్లకు చెరువంటె కండ్లకు కనవడే నీళ్లే. ఊళ్లె పుట్టినోనికి ఎర్కె, పైనుంచి నీళ్లు దెచ్చే కాలువ, శిఖం, తూము, అలుగు, అలుగు వారితె నిండే కింది చెరువు, ఇవన్నీ గల్స్తెనే చెరువు. కాలువ మీద కాలనీ లేస్తె వాననీళ్లకు తొవ్వ ఉండదు, డ్రైనేజీ నీళ్లు మాత్రం ఎట్లనన్న దిగుతయి. ఆ దిక్కు పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీలు ఉండనే ఉన్నయి. వాటి కాలుష్యం మీద జనం సుప్రీంకోర్టు దాంక కొట్లాడిండ్రు.

25 ఎకరాలు దాటిన చెరువుకు నిండుమట్టం అవతల 30 మీటర్లు ఇడిశిపెట్టాలెనని రూలున్నది. రూలు పుస్తకంల ఉండంగనే ప్లాట్లు అమ్ముడువోతయి. 2024ల హైడ్రా వచ్చినంక అమీన్‌పూర్ మండలంల గూడ బుల్డోజర్లు దిగినయి. ఆక్రమణలు తియ్యాల్సిందే, అండ్ల రెండో మాట లేదు. గని అప్పు జేసి కొనుక్కున్నోని ఇల్లు కూలుతది, లేఅవుటు జేసి అమ్ముకున్నోడు, సంతకం వెట్టినోడు సల్లగుంటరు. గిదేం న్యాయం?

ఇగ మన ఊళ్ల సంగతి. అమీన్‌పూర్‌కు ఆ పేరు తెచ్చిన 2002 నాటి జీవవైవిధ్య చట్టమే మన పంచాయతీలకు గూడ వర్తిస్తది. ప్రతి పంచాయతీల ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలె. ఊళ్లె చెట్టు, పిట్ట, చేప, పాత విత్తనం, అన్నీ రాసిన రిజిస్టరు ఉండాలె. 2020 జనవరి ఆఖరుకల్లా అది తయారుగావాలెనని హరిత ట్రిబ్యునల్ గడువు గూడ వెట్టింది.

తమ్ముండ్లూ, చెల్లెండ్లూ, ఈసారి ఊరికి వోయినప్పుడు పంచాయతీ ఆఫీసుల ఆ రిజిస్టరు అడుగుండ్రి. మీ చెరువు అండ్ల ఉన్నదా? చేపలు వట్టే ముదిరాజులను, గంగపుత్రులను అడిగి రాసిండ్రా, కుర్చీల గూసోని నింపిండ్రా? కమిటీల మెంబర్లెవరో, వాళ్లు మెంబర్లని వాళ్లకన్న తెల్సా?