ప్యానెల్ పీకడం సరే... ఆ ఖాళీ సంగతేంటి?

సాఫ్ట్‌వేర్ రివ్యూలు చదివే అలవాటున్న వాళ్లకి ఈ లైన్ బాగా తెలిసే ఉంటుంది: "ఇంటర్‌ఫేస్‌ని మీకు నచ్చినట్టు కస్టమైజ్ చేసుకోవచ్చు." అక్కడితో ఆ టాపిక్ అయిపోతుంది. ఏ ప్యానెల్‌నైనా లాగి బయట పడేయొచ్చు, పక్క మానిటర్‌లో పెట్టుకోవచ్చు, అంతే, ఫుల్ మార్కులు. నా అభ్యంతరం ఆ మార్కుల మీదే. ప్యానెల్ బయటికి రావడం పెద్ద గొప్పేం కాదు. అది వదిలిన చోట ఏం మిగులుతుంది, మళ్లీ దాన్ని ఇంటికి ఎలా తెచ్చుకోవాలి అన్నదే అసలు పరీక్ష.

ముందే చెప్తున్నా, విడదీసే ప్యానెల్స్‌కి నేను వ్యతిరేకం కాదు. ఓబీఎస్ స్టూడియోలో స్ట్రీమ్ చేసేవాళ్లు చాట్‌ని ఒక బ్రౌజర్ డాక్‌గా పెట్టుకుని రెండో మానిటర్‌లోకి నెట్టేస్తే ఎంత హాయిగా ఉంటుందో వాడినవాళ్లకి తెలుసు. కానీ మనలో ఎక్కువమంది దగ్గర ఉండేది ఒకే ఒక్క 15 అంగుళాల ల్యాప్‌టాప్. రెండో మానిటర్ అంటే హాస్టల్‌లో ఫ్రెండ్‌దో, ఆఫీసుదో. ఈరోజు ఉంటుంది, రేపు ఉండదు.

మా బాబాయి కొడుకు బీటెక్ రెండో ఏడాది, విజయవాడలో చదువుతున్నాడు. కాలేజీ ఫెస్ట్ వీడియో ఎడిట్ చేస్తూ రూమ్మేట్ మానిటర్ తగిలించి టైమ్‌లైన్ ప్యానెల్‌ని అందులోకి లాగాడు. మర్నాడు ల్యాబ్‌లో ల్యాప్‌టాప్ తెరిస్తే టైమ్‌లైన్ లేదు. ఫోన్ చేసి "అన్నా, ప్రాజెక్ట్ మొత్తం పోయినట్టుంది" అన్నాడు. మెనూలో చూడమన్నాను. టైమ్‌లైన్ పక్కన టిక్ ఉంది! అంటే యాప్ లెక్కలో ప్యానెల్ భేషుగ్గా ఉంది. ఎక్కడంటే, ఇప్పుడు లేని మానిటర్ మీద. టిక్ తీసి మళ్లీ పెట్టినా అది ఆ కనిపించని చోటే తెరుచుకుంది. చివరికి లేఅవుట్ రీసెట్ చేయిస్తే టైమ్‌లైన్ వచ్చింది గానీ, వాడు రెండు వారాలుగా సర్దుకున్న అమరిక అంతా ఎగిరిపోయింది. యాప్ పేరు ఎందుకులెండి, అది ఒక్కదాని జబ్బే కాదు.

ఒక్క ప్యానెల్ దారి తప్పితే ఇల్లంతా కూలగొట్టి మళ్లీ కట్టడం ఏం పద్ధతి? మొదలయ్యేటప్పుడు "నేను సేవ్ చేసుకున్న చోటు ఇప్పుడున్న ఏ స్క్రీన్ లోపలైనా ఉందా?" అని ఒక్కసారి చూసుకుంటే చాలు. లేదంటే ప్యానెల్‌ని మెయిన్ విండోలోకి తెచ్చేయాలి. కొన్ని యాప్‌లు ఈ పని చేస్తాయి, చాలా యాప్‌లు చేయవు.

ఇక ఖాళీల విషయం. గింప్ ఒకప్పుడు టూల్‌బాక్స్ ఒక విండో, లేయర్లు ఒక విండో, ఫొటో ఇంకో విండోగా తెరుచుకునేది. 2012లో వచ్చిన 2.8 వెర్షన్‌తో అన్నీ ఒకే విండోలో ఉండే మోడ్ వచ్చింది, 2018 నాటి 2.10లో అదే డిఫాల్ట్ అయింది. మంచి మార్పే. కానీ ట్యాబ్ కీ పొరపాటున తగిలిందా, పక్కనున్న ప్యానెల్స్ అన్నీ ఒక్కసారిగా మాయం. ఫొటోషాప్‌లోనూ ఇంతే. ప్రొఫెషనల్స్‌కి అది అద్భుతమైన షార్ట్‌కట్, ఫొటోని నిండుగా చూసుకోవచ్చు. కొత్తగా నేర్చుకునేవాడికి మాత్రం సాఫ్ట్‌వేర్ పాడైనట్టే. వాడు అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేస్తాడు. చాలా యాప్‌ల లేఅవుట్ సెట్టింగ్స్ యూజర్ ఫోల్డర్‌లో అలాగే మిగిలిపోతాయి కాబట్టి ఒక్కోసారి అదీ పనిచేయదు. "ప్యానెల్స్ దాచాం, తిరిగి కావాలంటే ట్యాబ్ నొక్కండి" అని ఒక మూల చిన్న మెసేజ్ పెడితే పోయేదేముంది?

ఈ విషయంలో వీఎస్ కోడ్ నాకు నచ్చుతుంది. ఫైళ్లన్నీ మూసేస్తే మధ్యలో వచ్చే ఖాళీలో కమాండ్స్ ఎక్కడున్నాయి, ఫైల్ ఎలా తెరవాలి అని నాలుగైదు షార్ట్‌కట్లు మసగ్గా కనిపిస్తాయి. ఖాళీ కూడా ఏదో చెప్తోంది కదా. 2023 చివర్లో వచ్చిన 1.85 వెర్షన్ నుంచి ఎడిటర్ ట్యాబ్‌ని బయటికి లాగి వేరే విండోగా పెట్టుకోవచ్చు కూడా.

బ్లెండర్‌ది పూర్తిగా వేరే దారి. అక్కడ ఖాళీ అనేదే ఉండదు. విండో మొత్తం భాగాలుగా చీలి ఉంటుంది, ప్రతి భాగంలో ఏదో ఒక ఎడిటర్ ఉండి తీరాలి. ఒకటి తీసేస్తే పక్కది ఆ చోటు ఆక్రమించేస్తుంది. షిఫ్ట్ పట్టుకుని మూల లాగితే కొత్త విండో వస్తుంది, అయితే అది కాపీ మాత్రమే. అసలుది ఉన్నచోటే ఉంటుంది. పోగొట్టుకోవడానికి అవకాశమే ఇవ్వలేదన్నమాట! మొదటి వారం మూలల దగ్గర చెయ్యి తగిలి స్క్రీన్ ముక్కలు ముక్కలు అవుతుంది, అది నిజమే. ఆ మాత్రం ఇబ్బంది నాకు ఓకే.

"ఇవన్నీ చేయడం డెవలపర్లకి కష్టం" అనే వాదన నేను ఒప్పుకోను. ఓబీఎస్ వాడేది క్యూట్ అనే టూల్‌కిట్. అందులో ప్రతి డాక్ ప్యానెల్‌కీ దాన్ని చూపించే, దాచే మెనూ ఐటెమ్ రెడీమేడ్‌గా వస్తుంది. లేఅవుట్ సేవ్ చేసి తిరిగి తెచ్చే ఫంక్షన్లూ ఉన్నాయి. ఫలానా ప్యానెల్ అసలు కావాలా, దాన్ని మూయనివ్వాలా, కదలనివ్వాలా, బయటికి రానివ్వాలా అన్నది విడివిడిగా నిర్ణయించుకోవచ్చు. టైమ్‌లైన్ లేని వీడియో ఎడిటర్‌కి అర్థం లేదు. అలాంటప్పుడు దాన్ని కదలనివ్వండి, మూయనివ్వకండి. అన్ని ప్యానెల్స్‌కీ అన్ని స్వేచ్ఛలూ ఇచ్చేసి "కస్టమైజేషన్" అనడం బద్ధకం.

అందుకే ఇకపై డెస్క్‌టాప్ యాప్ రివ్యూ రాస్తే ఒక టెస్ట్ తప్పక చేస్తాను. ముఖ్యమైన ప్యానెల్‌ని రెండో మానిటర్‌లోకి లాగి, యాప్ మూసి, కేబుల్ పీకి, మళ్లీ తెరుస్తాను. ఆ ప్యానెల్ ఒక్కదాన్నీ రీసెట్ లేకుండా వెనక్కి తెచ్చుకోవడానికి ఎన్ని క్లిక్కులు పట్టిందో రాస్తాను. ఈలోగా మీ ఓబీఎస్‌లో అమరిక కుదిరిందనుకుంటే డాక్స్ మెనూలోకెళ్లి లాక్ డాక్స్ మీద టిక్ పెట్టేయండి. విండోస్‌లో ఏదైనా విండో కనిపించకుండా పోతే, టాస్క్‌బార్‌లో దాన్ని సెలెక్ట్ చేసి విండోస్ కీ, షిఫ్ట్, ఎడమ బాణం కలిపి నొక్కి చూడండి. లేదా ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, తర్వాత ఎం నొక్కి, బాణం కీలతో లాగండి.