పిల్లల లోకం: పడటం నేర్చుకున్న పిల్లవాడు

మా కాలనీ కమ్యూనిటీ హాలులో సాయంత్రం వేళ జూడో తరగతులు ప్రారంభమైనప్పుడు, ఎనిమిదేళ్ళ మా అబ్బాయి తెల్లని దుస్తులు ధరించి ఎంతో ఉత్సాహంగా బయలుదేరాడు. మూడవ వారానికల్లా కడుపునొప్పి సాకులు మొదలైనాయి. దగ్గరకు తీసుకుని అడిగితే, "నాన్నా! అందరి ముందూ పడిపోతానేమోనని భయంగా ఉంది" అన్నాడు. 'మొక్కై వంగనిది మానై వంగునా' అని మనం తరచు అనుకుంటాం. వంచడమంటే విరవడం కాదన్న సంగతి ఆనాడు నాకు స్ఫురించింది.

మరునాడు నేను కూడా వెళ్ళి తరగతిని గమనించాను. ముప్పైమంది పిల్లలు బారులు తీరి నిలబడి ఉన్నారు. ఒక జంట చాపపై సాధన చేస్తుండగా తక్కినవారంతా తమ వంతుకై ఎదురుచూస్తున్నారు. కదిలినవారికి గుంజీలు శిక్ష! గంటసేపటిలో ఒక్కొక్కరికి దక్కే సాధన నాలుగు నిమిషాలకు మించదు. శిక్షకుని సామర్థ్యానికి వంక పెట్టలేము. పెద్దలకు నేర్పే పద్ధతినే పసివారికీ వర్తింపజేయడమే అక్కడి లోపం.

జూడోకు రూపకల్పన చేసిన కానో జిగోరో (1860-1938) స్వయంగా విద్యావేత్త. 1882లో టోక్యోలో కోడోకాన్ శిక్షణాలయాన్ని స్థాపించి, ప్రాచీన జుజుత్సులోని ప్రమాదకరమైన పట్లను స్వేచ్ఛా సాధన నుండి తొలగించాడు. ఒకినావాలో ఇతోసు అంకో కరాటేను పాఠశాలల్లో ప్రవేశపెట్టిన కాలంలో, విద్యార్థులకు అనువుగా 'పినాన్' అనే అయిదు కతాలను కూర్చాడు. విద్యను బాలుని స్థాయికి తీసుకువెళ్ళడం ఆ మహనీయులు తప్పుగా భావించలేదు.

మేము కొందరు తల్లిదండ్రులం శిక్షకునితో సౌమ్యంగా మాట్లాడగా, ఆయన సహృదయంతో అంగీకరించారు. పిల్లలను చిన్న బృందాలుగా విభజించారు. పదేసి నిమిషాలకు ఒక అంశం మారసాగింది. తొక్కుడుబిళ్ళ ఆటతో ఒంటికాలిపై నిలకడ, కబడ్డీతో అడుగుల ఒడుపు అలవడినాయి. నడుము వెనుక దోపుకున్న రిబ్బనును ఎదుటివాడు లాగకుండా కాపాడుకునే ఆటలో దూరాన్ని అంచనా వేయడం తెలిసింది.

ఇక పడటం సంగతి. జూడోలో దీనిని 'ఉకెమీ' అంటారు. మొదట వెల్లకిలా పడుకుని, గడ్డాన్ని ఛాతీ వైపు వంచి, చేతులతో చాపను చరచాలి. తరువాత గొంతుక్కూర్చుని, చివరకు నిలబడి వెనుకకు పడాలి. గడ్డం వంచితే తల వెనుక భాగం నేలకు తగలదు. వెనుకకు చేయి మోపితే మణికట్టుకు దెబ్బ తగిలే ప్రమాదమున్నది గనుక ఆ అలవాటును మాన్పించాలి. 'ఎవరి చప్పుడు పెద్దది?' అని శిక్షకుడు పందెం పెట్టగానే, పడటానికి జంకిన పిల్లలే పోటీపడి పడసాగారు!

ఆట అన్నంత మాత్రాన అదుపు తప్పనివ్వరాదు. ఆరంభంలోనూ ముగింపులోనూ వందనం తప్పనిసరి. సమానమైన బరువు గలవారినే జతపరచాలి. ప్రత్యర్థి చేతితో తట్టగానే పట్టు విడవాలి. వ్యాయామాన్ని శిక్షగా విధిస్తే పిల్లలకు వ్యాయామమంటేనే ఏవగింపు కలుగుతుంది. రంగు బెల్టులు వారికి ఉత్సాహాన్నిచ్చే మాట నిజమే. కాని, పక్కింటి పిల్లవానితో పోల్చి మందలించడానికి అవి మనకు సాధనాలు కారాదు.

గత వర్షాకాలంలో మా క్వార్టరు వాకిట నాచుపై మా అబ్బాయి కాలుజారి వెల్లకిలా పడ్డాడు. నా గుండె ఝల్లుమన్నది. వాడు గడ్డం వంచి, రెండు చేతులతో నేలను చరచి, మరుక్షణం లేచి కూర్చుని, "చప్పుడు గట్టిగా వచ్చిందా నాన్నా?" అని నవ్వాడు. పోటీలలో వాడింకా ఒక్క బహుమతీ గెలువలేదు. ఆ రోజు తరువాత నేను దానిని గురించి అడగడం మానివేశాను.

సోదర ఉద్యోగులారా! తరగతి నుండి తిరిగివచ్చిన మీ బిడ్డను "గెలిచావా?" అని అడుగకండి. "ఈరోజు ఏమి ఆడారు?" అని అడగండి. ఆ జవాబులో ఉత్సాహం వినిపించినంత కాలం, మరుసటి తరగతికి వాడిని బుజ్జగించి పంపవలసిన అవసరం మీకు రాదు.