బాతుపిల్లలను దొడ్డికి తరలించుట

బాతు నీటిపక్షి గదా, దానిని చలి యేమి చేయునని రెజిమెంటల్ బజారులో పలువురనుట మేము వినుచున్నాము. ఈ మాట నమ్మి పది దినముల పిల్లలను రాత్రివేళ దొడ్డిలో విడుచుట తగదని మా యభిప్రాయము.

పిల్లకు మొదట నుండునది నూగే గాని యీకలు గావు. తల్లిబాతు లేక పెరిగిన పిల్లకు ఆ నూగు త్వరగా తడియును; తడిసిన పిల్ల చలికి నిలువజాలదు. మన యిండ్లలో బాతుగ్రుడ్లను తరచుగ కోడిక్రింద నుంతురు. పాపము, 21 దినములు పొదుగవలసిన కోడి 28 దినములు కూర్చుండును. అయినను పిల్లలు నీట దిగినప్పుడు ఒడ్డున నిలిచి యరచుటకన్న అది యేమి చేయగలదు?

కొల్లేటిప్రాంతమున బాతులమందలు కోసిన వరిమళ్లలో మేయును. అవి పెరిగిన బాతులు. పైగా సికింద్రాబాదు సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైనున్నది. పుష్యమాసపు రాత్రులలో వేడిమి 15 డిగ్రీలకు దిగువకు పోవుట కలదు. మొదటి వారమున పిల్లకు వలసిన వేడిమియో, సుమారు 32 డిగ్రీలు! దానిని వారమునకు మూడేసి డిగ్రీల చొప్పున తగ్గింపవలెను. కావున వేసవిలో నాలుగైదు వారములకు బయటి గూటికి పంపవచ్చును. చలికాలమున ఈకలు నిండువరకు, అనగా ఏడెనిమిది వారములు, ఆగుట మేలు. తొలుత పగలు నీడపట్టున విడిచి, ప్రొద్దుక్రుంకకముందే లోనికి తేవలెను.

గూటిలో ఊక పొడిగా నుండవలెను. నీటిపాత్ర ముక్కు మునుగునంత లోతుండిన చాలును, ఈతకు గాదు. ముంగిస, పందికొక్కు దూరకుండ సన్నకన్నుల తీగవల బిగింపవలెను.

క్రిస్మసు సెలవులకు ఊరికి పోవు బాలురు, గూటి తలుపు మూయుపనిని ఎవరికైన నప్పగించియే బండి యెక్కుదురు గాక.