సీసా వద్దు, కూలి పెంచుదాం

కొబ్బరి దింపు రోజున కూలికి తోడు క్వార్టర్ సీసా ఇవ్వడం మన కోనసీమలో కొన్ని తోటల్లో అలవాటైపోయింది. "అది లేకపోతే చెట్టెక్కరండీ" అంటాడు రైతు. "ఒళ్లు నొప్పులకి ఆమాత్రం పడాలండీ" అంటాడు కార్మికుడు.

మందు నొప్పిని కాసేపు మరిపిస్తుందంతే, పోగొట్టదు. పైగా చేతి పట్టు, చూపు అంచనా తప్పుతాయి. అంత ఎత్తున ఒక్క పట్టు జారితే నడుం విరిగి ఆ కుటుంబం మంచాన పడినట్టే. రాత్రి బాగా తాగితే తెల్లారేసరికి కూడా పూర్తిగా దిగదు. ఒంట్లో నీటిని కూడా లాగేస్తుంది కాబట్టి ఎండలో మరీ ప్రమాదం.

సీసా ఖర్చు రైతుదే, కానీ దాంట్లో పైసా కూడా కార్మికుడి ఇల్లు చేరదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడింది కూలి డబ్బు ఇలా పోతోందనే. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. సర్కారు సంగతి ఎలా ఉన్నా, మన తోటలో ఏమివ్వాలో మన చేతిలోనే ఉంది.

సీసా ఖరీదు కూలిలో కలిపి డబ్బుగానే ఇవ్వండి. దాహానికి మన చెట్టు బొండాం ఉండనే ఉంది. ఒక్కరే మానేస్తే కార్మికులు పక్క తోటకి పోతారన్న భయం నిజమే. అందుకే ఊళ్లో రైతులంతా కార్మికులతో కూర్చుని దింపు రేటు మాట్లాడుకునేటప్పుడే ఈ మాటా తేల్చుకోవాలి. చెట్టెక్కేవాళ్లు దొరకడమే కష్టమైపోతున్న రోజుల్లో, ఉన్నవాళ్లను మన చేత్తో ప్రమాదంలోకి నెట్టకూడదు. వచ్చే దింపు నుంచే మొదలుపెట్టండి.